తాళంచెవి కనబడుతున్నా చేరుకోలేని గది

1984లో వచ్చిన ‘మాంటెజూమాస్ రివెంజ్’ అనే వీడియో ఆటలో తొలి గదిలోనే ఒక తాళంచెవి కనిపిస్తుంది. పైన కుడి ఎడమల్లో రెండు తలుపులు మూసి ఉంటాయి. మధ్యలో నిచ్చెనలు, ఒక తాడు, కింద అటూ ఇటూ దొర్లే పుర్రె. ఆ ఆట పేరు కూడా వినని మనిషికైనా అక్కడ ఏం చెయ్యాలో ఒకరు చెప్పక్కర్లేదు. నిచ్చెన దిగాలి, తాడు పట్టుకుని అవతలి గట్టు మీదికి దూకాలి, మళ్లీ దిగాలి, పుర్రె మీంచి గెంతాలి, ఇంకో నిచ్చెన ఎక్కి తాళంచెవి అందుకోవాలి, వచ్చిన దారినే వెనక్కి వెళ్లి తలుపు తెరవాలి. నాలుగైదు సార్లు కిందపడి చచ్చినా, కాసేపట్లో పని అయిపోతుంది.

2015లో డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ సంస్థ ఒకే నేర్చుకునే పద్ధతితో 49 అటారీ ఆటలు (టీవీకి తగిలించే పాత అటారీ యంత్రం మీద ఆడేవి) ఆడించి, ఫలితాలను నేచర్ అనే శాస్త్ర పత్రికలో ప్రచురించింది. అందులో 29 ఆటల్లో ఆ ప్రోగ్రామ్, మనిషి తెచ్చుకున్న స్కోర్‌లో ముప్పాతిక వంతో అంతకన్నా ఎక్కువో సాధించింది. బంతితో ఇటుకలు పగలగొట్టే ‘బ్రేక్‌అవుట్’లో అయితే మనిషిని పదింతలకు పైగా మించిపోయింది. గోడకు ఒక పక్క సొరంగం తవ్వి బంతిని వెనక్కి పంపితే, అది అక్కడే ఎగిరెగిరి పడుతూ ఇటుకలన్నీ తనే కూల్చేస్తుందన్న కిటుకు ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. మాంటెజూమాస్ రివెంజ్‌లో మాత్రం దాని స్కోర్ సున్నా. ఒక్కో ఆట మీద ఆ ప్రోగ్రామ్‌కు దొరికిన అనుభవం 38 రోజులు ఆగకుండా ఆడినదానికి సమానం. పోలిక కోసం కూర్చోబెట్టిన మనిషికి దొరికిన సాధన సుమారు 2 గంటలు.

‘కష్టమైన ఆట’ అని అలవాటుగా అనేస్తాం కానీ ఆ మాటలో కనీసం మూడు వేరువేరు సంగతులు కలగలిసి ఉన్నాయి. చేతికి కష్టం ఒకటి. ఏం చెయ్యాలో తెలియని కష్టం ఇంకొకటి. అన్నీ తెలిసి, కావలసినంత సమయం ఉన్నా, లెక్క తేలని కష్టం మూడోది. మనిషి, యంత్రం ఈ మూడింటిలో ఒకేచోట ఓడిపోరు.

చేతి కష్టం సంగతి అందరికీ తెలిసిందే. కంటికి కనబడిన దానికి వేలు స్పందించడానికి మనిషికి సెకనులో నాలుగో వంతో, ఐదో వంతో పడుతుంది. సెకనుకు 60 ఫ్రేమ్‌లు, అంటే తెర మీద 60 బొమ్మలు, నడిచే ఆటలో అంటే 12 నుంచి 15 ఫ్రేమ్‌లు గడిచిపోతాయి. కాబట్టి వేగంగా సాగే ఆటల్లో చేయి తిరిగిన ఆటగాళ్లు చూసి స్పందిస్తున్నారనుకోవడం పొరపాటు. వాళ్లు రాబోయేదాన్ని ముందే ఊహించి వేలు కదుపుతున్నారు. ఆట వాళ్ల కంటి ముందు కాదు, ఒక పావు సెకను ముందు నడుస్తోంది. యంత్రానికి ఈ ఇబ్బందే లేదు. ఒక ఫ్రేమ్ చూసి తర్వాతి ఫ్రేమ్‌కల్లా బటన్ నొక్కగలదు, వెయ్యిసార్లు నొక్కినా ఒక్కసారి కూడా తడబడదు.

పాత ఆటల్లో ఈ రకం కష్టం అంత దట్టంగా ఉండటానికి కారణం డిజైనర్ల కసి కాదు. ఆర్కేడ్ యంత్రం నాణెం మీద బతికేది. ఒక నాణేనికి అరగంట ఆడనిస్తే వెనుక నిలబడ్డవాడు వెళ్లిపోతాడు, మొదటి నిమిషంలోనే చంపేస్తే ఆడేవాడు మళ్లీ రాడు. ఆ రెండిటి మధ్య కొద్దిపాటి చోటులో ఆట తయారవ్వాలి. తర్వాత ఇంటి టీవీకి తగిలించే యంత్రాలు వచ్చినప్పుడు నాణెం పోయింది కానీ మెమరీ కొరత మిగిలింది. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లు. అందులో 32 లెవెల్స్, సంగీతం, బొమ్మలు అన్నీ ఇమిడాయి. ఇంత కాస్త సరుకుతో వారాల తరబడి ఆడించాలంటే దారి ఒక్కటే, ప్రతి అడుగూ పదేపదే వెయ్యించాలి. ‘గోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్’ ఆ పనిని మొహమాటం లేకుండా చేసింది. ఎంతో కష్టపడి చివరిదాకా వెళ్లినవాడికి ఇదంతా మాయ అని చెప్పి, ఆటను మొదటినుంచి రెండోసారి ఆడిస్తుంది.

కొన్నిసార్లు కష్టాన్ని ఎవరూ రూపొందించలేదు, అది హార్డ్‌వేర్‌లోంచి ఊరింది. 1978లో తొమొహిరొ నిషికాదొ తయారుచేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’లో 55 మంది శత్రువులుంటారు. ప్రాసెసర్ ఒక ఫ్రేమ్‌కు ఒక్కరినే కదపగలదు. అందరూ ఉన్నప్పుడు ఒక్కొక్కరి వంతు 55 ఫ్రేమ్‌లకోసారి వస్తుంది, సగం మంది పోతే రెట్టింపు త్వరగా వస్తుంది, ఒక్కడే మిగిలితే వాడు ప్రతి ఫ్రేమ్‌లోనూ కదులుతూ పరిగెడతాడు. ఆటగాడు బాగా ఆడేకొద్దీ ఆట బిగుసుకుంటుంది. ఆ బిగువు బాగుందని నిషికాదొ దాన్ని అలాగే ఉంచేశాడు. ఇవాళ ప్రతి ఆటలోనూ మామూలైపోయిన ‘పోనుపోను కష్టం’ అన్న సూత్రానికి తొలి రూపాల్లో ఒకటి ఇలా ఒక పరిమితిలోంచి పుట్టింది.

చేతి కష్టానికీ తెలివి కష్టానికీ మధ్య ఎక్కడో ‘ప్యాక్‌మ్యాన్’ ఉంది. 1980లో నామ్‌కో సంస్థ విడుదల చేసిన ఈ చిక్కుదారుల ఆటలో, ఆటగాడు నడిపే ప్యాక్‌మ్యాన్‌ను నాలుగు దయ్యాలు గుంపుగా తరుముతున్నట్టు అనిపిస్తాయి కానీ, తోరు ఇవాతాని బృందం ఒక్కోదానికి ఒక్కో బుద్ధి పెట్టింది. ఎర్ర దయ్యం నేరుగా వెంటబడుతుంది. గులాబీది ప్యాక్‌మ్యాన్ ముఖం తిరిగిన వైపు నాలుగు గళ్ల ముందుకు గురిపెడుతుంది. నీలం దయ్యం తన గురిని లెక్కకట్టడానికి ఎర్ర దయ్యం ఎక్కడుందో కూడా చూసుకుంటుంది. నారింజ రంగుది ఎనిమిది గళ్లకన్నా దూరంగా ఉంటే తరుముతుంది, దగ్గరికొస్తే భయపడ్డట్టు తన మూలకు పోతుంది. నాలుగు చిన్న నియమాలు కలిసి, వల పన్నుతున్నారన్న భ్రమ కలిగిస్తాయి.

ఆ భ్రమలోనే ఆట బలహీనత కూడా ఉంది. తరిమేటప్పుడు ఆ దయ్యాలు చేసే పనుల్లో యాదృచ్ఛికం అన్నది లేదు. ఒకే రకంగా ఆడితే అవి ఒకే రకంగా కదులుతాయి. ఈ సంగతి పసిగట్టిన ఆటగాళ్లు ఏ మలుపులో ఎటు తిరగాలో బట్టీపట్టారు, ఒక్కో లెవెల్‌కు ఒక్కో బాట. బాట తెలిసినవాడికి ప్యాక్‌మ్యాన్ నల్లేరు మీద బండి నడక. తర్వాత వచ్చిన ‘మిస్ ప్యాక్‌మ్యాన్’లో దయ్యాల కదలికల్లో కొంత యాదృచ్ఛికత కలపగానే ఆ బాటలన్నీ పనికిరాకుండా పోయాయి. బట్టీపట్టడం ఆడటం కిందికి వస్తుందా? ఇదే ప్రశ్న దశాబ్దాల తర్వాత కృత్రిమ మేధ పరిశోధకులకూ ఎదురైంది. అటారీ ఆటలు కూడా ఒకే బటన్ల వరుసకు ఒకే రకంగా జవాబిస్తాయి కాబట్టి, స్క్రీన్ వైపు చూడనైనా చూడకుండా మంచి బటన్ల వరుసను గుర్తుపెట్టుకున్న ప్రోగ్రామ్ కూడా గొప్ప స్కోర్ తెచ్చుకోగలదు. అందుకని 2017 తర్వాత పరీక్షల్లో చిన్న మెలిక పెట్టడం మొదలైంది. నాలుగింట ఒకసారి, యంత్రం కొత్తగా నొక్కిన బటన్‌ను పట్టించుకోకుండా అంతకుముందు నొక్కిందే మళ్లీ నొక్కినట్టు ఆట భావిస్తుంది. మనిషి వేలు తడబడటాన్ని యంత్రానికి అరువిచ్చారన్నమాట.

ఇక రెండో రకం కష్టం. అసలు విషయం ఇక్కడే ఉంది.

నేర్చుకునే ప్రోగ్రామ్‌కు ఆట గురించి ముందుగా ఏమీ తెలియదు. తెర మీది చుక్కల రంగులు, తను నొక్కగలిగే బటన్లు, స్కోర్. ఇంతే. మొదట్లో ఇష్టమొచ్చినట్టు నొక్కుతుంది, స్కోర్ పెరిగిన చోట ‘ఇది మంచి పని’ అని రాసుకుంటుంది. బ్రేక్‌అవుట్‌లో గుడ్డిగా నొక్కినా బంతి ఎప్పుడో ఒకప్పుడు ఇటుకకు తగులుతుంది, పాయింటు వస్తుంది, చదువు మొదలవుతుంది. మాంటెజూమా తొలి గదిలో మొదటి 100 పాయింట్లు తాళంచెవి అందుకున్నాకే వస్తాయి. అందుకోవాలంటే వందల ఫ్రేమ్‌ల పాటు తప్పకుండా సరైన వరుసలో కదలాలి, మధ్యలో ఒక్క తప్పు అడుగు పడినా చావే. గుడ్డిగా నొక్కుతూ అక్కడికి చేరే అవకాశం లేనట్టే. పాయింటు రాదు కాబట్టి పాఠమూ ఉండదు. ఎన్ని కోట్ల ఫ్రేమ్‌లు ఆడినా మొదటి రోజు ఎంత తెలుసో చివరి రోజూ అంతే తెలుసు.

‘స్కీయింగ్’ ఆటది ఇంకో తరహా బాధ. మంచు మీద జారుతూ జెండాల మధ్యనుంచి వెళ్లాలి. ఎన్ని జెండాలు తప్పిపోయాయో దానికి తగ్గ జరిమానా మొత్తం ఆట అయిపోయాక ఒక్కసారే పడుతుంది. ఏ మలుపులో చేసిన తప్పుకు ఈ శిక్ష పడిందో యంత్రం ఎలా తేల్చుకోవాలి? మనిషికి జెండా పక్కనుంచి జారిపోయిన క్షణంలోనే తెలుసు.

ఈ చిక్కు విడదీయడానికి చాలా పద్ధతులు వచ్చాయి. కొత్త దృశ్యం కనబడితే అదే ఒక బహుమతి అని ప్రోగ్రామ్‌కు ఒక రకం కుతూహలం నేర్పడం వాటిలో ఒకటి. 2018లో ఊబర్ పరిశోధకులు తెచ్చిన ‘గో-ఎక్స్‌ప్లోర్’ ఇంకా తిన్నని దారి పట్టింది. ఎక్కడెక్కడికి చేరిందో గుర్తుపెట్టుకో, వాటిలో ఆశ ఉన్న చోటికి ముందు తిరిగి వెళ్లు, అక్కణ్ణుంచి కొత్తగా వెతుకు. చెప్పగా వింటే ఇందులో ఏముందనిపిస్తుంది. కానీ అంతకుముందు పద్ధతులు ప్రతిసారీ మొదటినుంచే తడుముకునేవి, దారిలో తెలిసిన మంచి చోట్లను మరచిపోయేవి. తొలి రూపంలో ఇది ఆట స్థితిని భద్రపరచుకుని నేరుగా అక్కడికే దూకే సౌకర్యాన్ని వాడుకుంది. మనిషికి ఆ సౌకర్యం లేదు కాబట్టి దాన్ని సమాన పోటీగా చూడలేం. 2020లో డీప్‌మైండ్ వారి ‘ఏజెంట్57’ మొత్తం 57 అటారీ ఆటల్లోనూ సగటు మనిషి స్కోర్‌ను దాటింది. కొన్ని ఆటల్లో అందుకోసం వేల కోట్ల ఫ్రేమ్‌లు ఆడాల్సి వచ్చింది. ఒక మనిషి కన్నార్పకుండా ఆడినా అన్ని ఫ్రేమ్‌లు చూడటానికి దశాబ్దాలు పడుతుంది.

మరి మనిషి రెండు నిమిషాల్లో ఎలా చేస్తున్నాడు? బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో దీనికి ఒక అందమైన ప్రయోగం చేశారు. మాంటెజూమాను పోలిన చిన్న ఆట ఒకటి తయారుచేసి, దాని రూపాలు మార్చుకుంటూ పోయారు. నిచ్చెన నిచ్చెనలా కనబడదు, తాళంచెవి తాళంచెవిలా ఉండదు, శత్రువు ఏదో ఒక రంగు గడి. నేల, ఆకాశం తేడా చెరిపేశారు. వెనకున్న ఆట నియమాలు మాత్రం అవే. మామూలు రూపంలో ఒకటి రెండు నిమిషాల్లో ముగించే పనికి, ఈ గుర్తులన్నీ తీసేశాక మనుషులకు 20 నిమిషాలకు పైగా పట్టింది, చచ్చే సార్లు ఎన్నో రెట్లు పెరిగాయి. యంత్రానికి మాత్రం పెద్ద తేడా పడలేదు. దానికి మొదటినుంచీ నిచ్చెనా ఒకటే, రంగు గడీ ఒకటే. మనిషి ఆటలోకి ఖాళీ చేతులతో రాడు. తాళంచెవి తలుపును తెరుస్తుందనీ, పైనుంచి పడితే దెబ్బ తగులుతుందనీ, పుర్రె మంచిది కాదనీ చిన్నప్పటినుంచి పోగేసుకున్న ప్రపంచాన్ని వెంటబెట్టుకుని వస్తాడు. డిజైనర్ ఆ ప్రపంచాన్ని నమ్ముకునే ఆట కడతాడు.

ఆ నమ్మకాన్ని డిజైనరే వమ్ము చేసిన ఆటలు కూడా ఉన్నాయి. 1987 నాటి ‘కాసిల్‌వేనియా 2’లో ఒకచోట దారి కొండతో మూసుకుపోతుంది. ముందుకు సాగాలంటే ఎర్ర స్ఫటికాన్ని ఎంచుకుని, ఆ కొండ ముందు మోకరిల్లి కొన్ని సెకన్లు కదలకుండా ఉండాలి. సుడిగాలి వచ్చి ఎత్తుకుపోతుంది. స్ఫటికానికీ మోకాలికీ సుడిగాలికీ మామూలు లోకంలో ఏ సంబంధమూ లేదు. సూచన దొరకని ఆటగాడు అక్కడ అచ్చంగా ఆ సున్నా స్కోర్ ప్రోగ్రామ్ స్థితిలోకి వెళ్లిపోతాడు, అన్ని వస్తువులూ అన్ని చోట్లా వాడి చూడటం తప్ప వేరే దారి ఉండదు. దీన్ని కష్టం అనడం కన్నా సమాచారాన్ని దాచిపెట్టడం అనడమే న్యాయం. వందసార్లు చచ్చినా ప్రతి చావూ ఏదో ఒకటి నేర్పే ఆట ఆటగాణ్ని గౌరవిస్తుంది. ఇది అలాంటిది కాదు.

మూడో కష్టం గణితానిది. ఇక్కడ వేలి వేగం, లోకజ్ఞానం రెండూ పక్కకు తప్పుకుంటాయి.

అలెక్సీ పజిత్నోవ్ 1984లో మాస్కోలో రాసిన ‘టెట్రిస్’ను తీసుకుందాం. పైనుంచి రాలే ముక్కల్ని పలక మీద పేర్చి, పూర్తిగా నిండిన అడ్డవరుసల్ని తొలగిస్తూ పోవాలి. ముక్కలు రాలే వేగం లేదనుకుందాం, రాబోయే ముక్కలన్నిటి జాబితా ముందే ఇచ్చేశారనుకుందాం. కావలసినంత సేపు ఆలోచించుకోవచ్చు. ఎన్ని వరుసలు తొలగించవచ్చో కచ్చితంగా చెప్పగలమా? 2002లో ఎరిక్ డిమేన్, సుసాన్ హోహెన్‌బర్గర్, డేవిడ్ లిబెన్-నోవెల్ ఇది ఎన్‌పి-హార్డ్ అని నిరూపించారు. అంటే, పలక పెద్దదయ్యేకొద్దీ లెక్క పట్టుతప్పకుండా పనిచేసే వేగవంతమైన పద్ధతి ఎవరికీ తెలియదు, ఉండకపోవచ్చుననే గణితజ్ఞుల్లో ఎక్కువమంది నమ్మకం. వాళ్ల నిరూపణ చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని సంఖ్యలిచ్చి, వాటిని మూడేసి చొప్పున ఒకే మొత్తం వచ్చేలా గుంపులు చెయ్యమనే పాత లెక్క ఒకటుంది, అది కష్టమని ముందే తెలుసు. టెట్రిస్ పలకలో ముందుగానే కొన్ని ముక్కలు పేర్చి, లోతైన బావుల్లాంటి ఖాళీలు వదిలారు. ఒక్కో సంఖ్యకు తగినన్ని ముక్కలు రాలతాయి. బావులన్నీ అంచుదాకా సరిగ్గా నిండితేనే పలక ఖాళీ అవుతుంది. అలా నింపగలిగినవాడు ఆ పాత లెక్కను కూడా చేసేసినట్టే. 2020లో ఇంకో అడుగు పడింది. పలక వెడల్పు 8 గళ్లే అయినా, ఎత్తు ఎంతైనా ఉండనిస్తే కష్టం పోదని తేలింది.

ఇదే దారిలో ‘సూపర్ మారియో’, ‘జెల్డా’, ‘పోకెమాన్’ లాంటి ఆటలకూ 2012లో నిరూపణలు వచ్చాయి. మారియో లెవెల్‌ను ఎంత పెద్దదిగానైనా కట్టుకోనిస్తే, ఇటుకలతో, శత్రువులతో తర్కం చేసే యంత్రాన్నే అందులో అమర్చవచ్చు. 2016లో మారియో మెట్టు ఇంకా పైదని తెలిసింది, అది పీస్పేస్ అనే వర్గానికి చెందినది. రెంటికీ తేడా ఏమిటంటే, ఎన్‌పి తరగతి చిక్కుల్లో జవాబు కనుక్కోవడం కష్టమైనా, ఎవరో జవాబు చేతిలో పెడితే సరిచూడటం తేలిక. పీస్పేస్‌లో ఆ హామీ కూడా లేదు. గెలిచే కదలికల వరుసే రాసి ముగించలేనంత పొడుగ్గా ఉండవచ్చు.

అయితే ఈ ఫలితాలను ‘మారియోను కంప్యూటర్ ఆడలేదు’ అని చదివితే తప్పులో కాలేసినట్టే. నిరూపణలు మాట్లాడేది అతి కుటిలంగా కట్టిన లెవెల్స్ గురించి. మనుషులు ఆడటానికి కట్టిన లెవెల్ అలా ఉండదు, కుడివైపు వెళ్లాలని అందరికీ తెలుసు. 2009లో మారియో తరహా ఆటతో జరిగిన కృత్రిమ మేధ పోటీలో గెలిచిన ప్రోగ్రామ్ దేన్నీ నేర్చుకోలేదు. ఆట నియమాలు తెలుసు కాబట్టి, కొద్ది క్షణాల ముందుకు ఊహించి చూసుకుంటూ అత్యుత్తమ దారి ఎంచుకుంది. అంతే, శత్రువుల తలల మీద కాళ్లు మోపుకుంటూ ఆగకుండా దూసుకుపోయింది. టెట్రిస్‌లోనూ అంతే. పేర్పు ఎత్తు ఎంత, కింద మూసుకుపోయిన ఖాళీలు ఎన్ని, పైభాగం ఎంత ఎగుడుదిగుడుగా ఉంది అని నాలుగైదు కొలతలు చూసుకునే చిన్న ప్రోగ్రామ్‌లు లక్షల వరుసలు తొలగించాయి. అనంతంగా మాత్రం కాదు. ఎస్, జెడ్ ఆకారపు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటే ఎంతటివాడైనా చివరికి ఓడిపోక తప్పదని హైడి బర్గీల్ 1997లో నిరూపించింది. ముక్కలు యాదృచ్ఛికంగా వస్తూ ఆట ఎప్పటికీ సాగితే, అలాంటి దురదృష్టపు వరుస ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది.

సిద్ధాంతపు కష్టం నిజంగా ఒంటికి తగిలేది ‘సొకోబాన్’లో. 1980ల మొదట్లో జపాన్‌లో పుట్టిన ఈ ఆటలో గోదాము మనిషి పెట్టెల్ని నెట్టి గుర్తుపెట్టిన చోట్లకు చేర్చాలి. లాగడం కుదరదు. వేగం లేదు, శత్రువు లేడు, దాచిందేమీ లేదు. కానీ ఒక పెట్టె మూలలోకి పోయిందంటే ఇక బయటికి రాదు, ఆ సంగతి తేలేది మరో యాభై అడుగులయ్యాక. ఇది పీస్పేస్ తరగతిదని జోసెఫ్ కల్బర్‌సన్ 1997లో చూపించాడు. ఆ రోజుల్లోనే అల్బెర్టా విశ్వవిద్యాలయంలో తయారైన ‘రోలింగ్ స్టోన్’ అనే ప్రోగ్రామ్, ఆటగాళ్లందరికీ తెలిసిన 90 లెవెల్స్‌లో సగానికి పైగా మాత్రమే తేల్చగలిగింది. ఓపికున్న మనుషులు వాటన్నిటినీ చేసేశారు. ‘ముందు ఈ గది ఖాళీ చెయ్యి, ఆ పెట్టెను దారికి అడ్డం రాకుండా పక్కన పెట్టు’ అని మనిషి ముద్దలు ముద్దలుగా ఆలోచిస్తాడు. యంత్రం ఒక్కో నెట్టుడునూ విడిగా లెక్కపెట్టుకుంటుంది. 90 లెవెల్స్‌నూ తేల్చే ప్రోగ్రామ్ 2020లో గానీ రాలేదు. అది వచ్చింది కూడా ఆ మనిషి ధోరణిని కొంత అరువు తెచ్చుకున్నాకే.

ఈ మూడు కష్టాలూ ఒకేచోట ఎదురైన సందర్భం, నింటెండో సంస్థ తన ఇంటి టీవీ యంత్రానికి తెచ్చిన టెట్రిస్‌ది. 1989లో వచ్చిన ఆ ఆటలో లెవెల్ 29 చేరాక ముక్క ఒక్కో ఫ్రేమ్‌కు ఒక్కో గడి చొప్పున పడుతుంది. 20 గళ్ల ఎత్తు సెకనులో మూడో వంతులో అయిపోతుంది. బటన్ నొక్కి పట్టుకుంటే ముక్క అంచుదాకా జరిగేలోపే నేలకు తాకుతుంది. ఆట అక్కడితో సరి అని చాలా ఏళ్లపాటు అందరూ అనుకున్నారు. 2020 తర్వాత కొందరు బటన్‌ను బొటనవేలితో నొక్కడం మానేసి, వేలిని బటన్ మీద ఊరికే ఆనించి, కంట్రోలర్ వీపు మీద మిగతా వేళ్లతో తబలా వాయించినట్టు తట్టడం మొదలుపెట్టారు. ఒక్కో తట్టుకూ ఒక్కో నొక్కు. గోడ కూలిపోయింది.

ఆ అవతల ఏముందో ముందుగా చూసింది యంత్రమే. ఆటను ఎంతదూరమైనా ఆడే ప్రోగ్రామ్ ఒకటి ఎవరూ చేరని లెవెల్స్‌కు వెళ్లినప్పుడు, అక్కడ పాత కోడ్ తన పని సమయానికి పూర్తిచేసుకోలేక స్తంభించిపోతుందని తెలిసింది. ఏ లెవెల్‌లో ఏం చేస్తే ఆగిపోతుందో అభిమానులు పట్టికలు వేసుకున్నారు. 2023 డిసెంబర్‌లో 13 ఏళ్ల కుర్రాడు లెవెల్ 157లో నిజం యంత్రం మీద ఆటను స్తంభింపజేశాడు. అప్పటిదాకా మనిషెవరూ అక్కడికి చేరలేదు. 2024 అక్టోబర్‌లో, ఆగిపోకుండా సరిదిద్దిన రూపం మీద ఇంకో ఆటగాడు లెవెల్ 255 దాటించాడు. లెవెల్‌ను లెక్కపెట్టే 8 బిట్లలో అంతకన్నా పెద్ద సంఖ్య పట్టదు. లెక్క మళ్లీ సున్నాకు తిరిగింది, ముక్కలు మొట్టమొదటి లెవెల్ వేగంతో నెమ్మదిగా రాలడం మొదలుపెట్టాయి.